మేనమామ తోలుకొచ్చిన పంది

పోయిన వారం మనం నోయెలిన్‌ని ఊరి సభలు జరిగే నకమాల్ చావడి ముందరి మైదానంలో, ఊరంతా చుట్టూ కూర్చుని ఉండగా, ఒంటరిగా నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఆకులు అదిమే చెక్క ప్రెస్ ఆమె కాళ్ళ దగ్గర పట్టీలు విప్పేసి పడి ఉంది. అందులోని పాత పేపర్ల మధ్య నించి మావిస్ అత్త పేపరుతో సహా లాగి బయటపెట్టిన నమేలె ఆకు, మూడు ముక్కలుగా కోసిన ఆకు, ఎండలో అందరికీ కనబడుతోంది.

నమేలె ఆకంటే మా దీవుల్లో ఆషామాషీ కాదు. ఊరిపెద్ద ఆ ఆకుని ఒక తోట ముందు గుచ్చాడంటే ఆ తోట దగ్గర పంది కూడా దారి మార్చుకుని పోవాల్సిందే. అలాంటిది, ఊరి పెద్దాయన విరాబూ, వేళ్ళు దంచి మత్తు పానీయం చేసుకునే కావా మొక్కల తన తోటకి కాపలా పెట్టిన ఆకుని ఎవరో పీకేశారు. లోపలికి చొరబడి, పగలు పెంచుకున్న రెండు కుటుంబాలు రాజీ పడే రోజున తప్ప ఎవరూ రుచి చూడని వురేగో కావా మొక్కల్ని కుదుళ్ళతో సహా తవ్వుకుపోయారు. మర్నాడే ఆకేమో సువాలో బోటనీ డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్న అమ్మాయి సామానులో దొరికింది. ఊరికి ఇంకేం కావాలి?

పైగా ఓడ వచ్చేసింది. సరుకు ఎక్కించుకుని సాయంత్రానికి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో దాన్ని నడిపే కెప్టెన్‌కే తెలీదు. ఈ ఓడ తప్పితే నోయెలిన్‌కి పరీక్షలు తప్పినట్టే. ఎక్కినా, నెత్తిన దొంగతనం పెట్టుకుని ఎక్కితే, విలా రేవులో ఆమె కోసం అట్టే పెట్టిన ఉద్యోగం పోయినట్టే. కావా బస్తాలు తనిఖీ చేసే ఉద్యోగం అది. కావా దొంగని కావాకి కాపలా ఎవరు పెడతారు?

"నేను ముందే మొత్తుకున్నానా లేదా?" మావిస్ అత్త గొంతు మైదానం అవతల ఉన్న కోళ్ళని కూడా లేపింది. నోయెలిన్ తండ్రికి అక్క ఆవిడ. తమ్ముడు న్యూజిలాండ్‌లో పళ్ళ కోతలకి పోయినప్పట్నించీ ఆ ఇంటి పెత్తనం తనదేనని ఆవిడ నమ్మకం. "ఆడపిల్లకి కావా తోటల్లో ఏం పనే అని అడిగానా లేదా? ఆకులు కోసుకురావడం, పేపర్లో పడుకోబెట్టడం, పసిపిల్లకి గుడ్డలు మార్చినట్టు రోజూ పేపర్లు మార్చడం! ఇదేం పనే అంటే చదువంట! చదువు!"

జనం నవ్వారు. హెన్సన్ బాబాయ్‌కి ఆ నవ్వు చూసి హుషారొచ్చింది.

"మా వాడు ఆపిల్ కోతలకి పోయొచ్చి సిమెంటు ఇల్లు లేపాడు. ఇది ఇన్నేళ్ళు చదివి ఏం లేపింది? ఎండుటాకుల కట్ట! ఏమ్మా నోయీ, ఆపిల్ చెట్టు లాటిన్ పేరు చెబితే రెండు పళ్ళు ఎక్కువ రాలతాయా?"

నోయెలిన్‌కి రాబోతున్న ఏడుపు కాస్తా ఈ మాటతో వెనక్కి పోయింది.

"రాలవు బాబాయ్. కానీ ఆ చెట్లకి తెగులొచ్చిన రోజున మీవాణ్ణి ఇంటికి పంపేస్తారు, నాలాంటిదాన్ని పిలిపించుకుంటారు."

"అబ్బో! నోరు చూడు!"

"నోరు ఉండబట్టే కదా బాబాయ్ అందరూ నన్ను అడుగుతున్నారు. లేకపోతే మిమ్మల్ని అడిగేవాళ్ళు."

ఈసారి నవ్వు హెన్సన్ మీదికి మళ్ళింది. పెద్దాయన విరాబూ చేతికర్రతో నేల మీద ఒక్క పోటు పొడిచాడు. నవ్వు ఆగిపోయింది.

"ఉద్యోగాల సంగతి తర్వాత," అన్నాడు ఆయన. గొంతు పెంచడం ఆయనకి ఎప్పుడూ అవసరం పడలేదు. "అమ్మాయ్, నేనడిగేది ఒక్కటే. ఈ ఆకు నీ పేపర్లలోకి ఎలా వచ్చింది?"

"నాకు తెలీదు తాతయ్యా."

"సంచి నీది. ప్రెస్ నీది. పేపర్లు నీవి. ఆకు మటుకు ఎవరిదో తెలీదా?"

"ఒట్టు తాతయ్యా, తెలీదు."

ఎవరో గొంతు సవరించుకున్నారు. నోయెలిన్ చుట్టూ చూసింది. పుట్టినప్పట్నించీ తెలిసిన మొహాలు. వీళ్ళలో ఒకరు తను వంటింట్లో లాప్‌లాప్ వంటకి అరటాకులు సెగ చూపిస్తూ ఉన్న సమయం చూసి తన గదిలోకి వచ్చారు. తన పట్టీలు విప్పారు. తన పేపర్లలో తన బతుకుని అదిమేసి, మళ్ళీ పట్టీలు బిగించి, ఏం ఎరగనట్టు వచ్చి ఇక్కడ కూర్చున్నారు. మావిస్ అత్తా? ఛ, ఆవిడ కడుపులో మాట పూటైనా నిలవదు. పెద్దాయన కొడుకులా? చదువు కోసం పెద్దాయన తనని వురేగో తోటలోకి రానివ్వడం వాళ్ళకి మొదట్నించీ గిట్టదు. హెన్సన్ బాబాయా? ఒక్కొక్క మొహం దగ్గరా ఆగుతుంటే ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చూపు ఆగలేదు. అనుమానం ఒకసారి మొదలయ్యాక కన్నతల్లిని కూడా వదలదు కాబోలు, ఆడవాళ్ళ వైపు చివర్న కూర్చున్న తల్లి డోర్కస్ దగ్గర కూడా ఆమె చూపు ఒక్క క్షణం ఆగింది. డోర్కస్ తల ఎత్తలేదు. పొద్దుట్నించీ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

"తాతయ్యా, నేనా ఆకుని ఒకసారి చూడొచ్చా? దొరికిన దగ్గర్నించీ నన్ను ముట్టుకోనివ్వలేదు."

"చూడనిస్తే మాయం చేస్తుంది!" అంది మావిస్ అత్త.

"ఇంతమంది గుడ్లప్పగించి చూస్తుంటే ఎక్కడికి మాయం చేస్తుందే?" అన్నాడు పెద్దాయన. "చూడమ్మా."

నోయెలిన్ మోకాళ్ళ మీద కూర్చుంది. సువాలో ల్యాబ్ పరీక్ష ఇలాగే ఉంటుంది. పేరు రాయని ఆకొకటి ముందర పెట్టి, 'ఇదేంటో చెప్పు' అంటారు. అక్కడ తప్పు చెబితే మార్కులు పోతాయి, అంతే. ఆమె వేళ్ళకి తమ పని తెలుసు. ఆకు అంచు పట్టుకుని మెల్లిగా వంచింది. వంగింది. విరగలేదు. వెలుగుకి పట్టి చూసింది. ముదురాకుపచ్చ.

"తాతయ్యా, తోటకి మీరు ఈ కాపలా ఎప్పుడు పెట్టారు?"

"దుంపలు నాటిన రోజుల్లో."

"అప్పట్నించీ ఎండలో, వానలో ఆ ఒక్క ఆకే ఉంది కదా? మధ్యలో మార్చలేదు కదా?"

"గుచ్చింది మార్చడం మన ఇంటా వంటా లేదు."

"అయితే దీన్ని మీ చేత్తో ముట్టుకు చూడండి. ఎండలో అన్నాళ్ళు నిలబడిన నమేలె ఎలా ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు. గోధుమరంగుకి తిరిగి, ముడుచుకుపోయి, ముట్టుకుంటే పెళపెళలాడాలి. ఇది పచ్చిది తాతయ్యా. చెట్టు మీద నించి కోసి, వాడకముందే పేపర్ల మధ్య పెట్టారు. అందుకే రంగు పోలేదు. పలకలా చదునుగా ఉంది."

పెద్దాయన వంగి ముక్క అందుకున్నాడు. ఎన్ని తోటలకి ఎన్ని ఆకులు గుచ్చి ఉంటాయో ఆ చేతులు! బొటనవేలితో ఒకసారి నిమిరాడు. మరోసారి నిమిరాడు. ముసలి కళ్ళలో మొదటిసారి ఒక తికమక కనబడింది.

"ఇది నేను గుచ్చిన ఆకు కాదు," అన్నాడు.

మైదానమంతా గుసగుసలు పాకాయి.

"మరి అసలు ఆకేదీ?" అన్నాడు పెద్దాయన కొడుకు.

"నాకేం తెలుసు? ఏ సముద్రంలోనో పారేసి ఉంటారు. దొంగతనం చేశాడు గానీ, పీకేసిన తాబూ ఆకుని, ముట్టరాని ఆకుని, చేత్తో పట్టుకుని ఊళ్ళోకి నడిచొచ్చే ధైర్యం అతనికి చాల్లేదు. మీకుందా? ఇక్కడ ఎవరికైనా ఉందా?" అంది నోయెలిన్. వెనకాల ఒక ముసలమ్మ దిష్టి తగలకుండా నేల మీద ఉమ్మేసింది. "అందుకే నా మీదికి నెట్టడానికి కొత్త ఆకు కోశాడు."

మావిస్ అత్త అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. "ఆ కొత్తదేదో నువ్వే కోసుకోవచ్చు కదా? నమేలె చెట్టు మీద చెయ్యి వెయ్యడం పెద్దలకే చెల్లుతుందనే భయం నీకెక్కడిది? పుస్తకాలు చదివినోళ్ళకి భయాలుండవుగా!"

చూశారా, ఇదీ అనుమానం చేసే పని. ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. ఇందాకటి గుసగుసలు దిశ మార్చాయి. అవునవును, చదువుకున్న పిల్ల, ఏమైనా చేస్తుంది. పెద్దాయన కూడా ముక్కని కింద పెట్టి గడ్డం రుద్దుకుంటున్నాడు.

నోయెలిన్ బదులు చెప్పబోయి ఆగిపోయింది. పెద్దాయన కింద పెట్టిన ముక్క మీద కాదు, పక్కనున్న దాని మీద పడింది ఆమె చూపు.

మూడు ముక్కలు. కొస ఒకటి, నడుమ ఒకటి, మొదలు ఒకటి. పేపర్ కంటే పెద్దదైన ఆకుని అదమాలంటే అలాగే కోస్తారు. సరే, ఎవరైనా కోస్తారేమో అనుకోవచ్చు. కానీ కొస ముక్కా, మొదలు ముక్కా మొహం పైకి ఉన్నాయి. నడిమి ముక్క ఒక్కటే బోర్లా ఉంది. వెనక వైపు, పాలిపోయిన రంగు వైపు, పైకి కనబడేలా.

డిగ్రీ మొదటి ఏడాది ల్యాబ్‌లో అడుగుపెట్టిన వారమే తిట్లు తిని నేర్చుకునే సంగతి అది. 'ఆకుకి రెండు మొహాలుంటాయి, రేపు పేపరుకి అంటించాక రెండోది ఎలా చూస్తారు? ఒక్కటైనా తిరగేసి పెట్టండి!' తనైనా సరిగ్గా ఇలాగే పెట్టేది. అందుకేనేమో ఇందాకట్నించీ కళ్ళ ముందున్నా తేడాగా కనబడలేదు.

పెట్టింది తను కాదు. మరి ఈ ఊళ్ళో ఆ తిట్లు తిన్నవాళ్ళు ఇంకెవరున్నారు?

ఆమె తల ఎత్తలేదు. ఎత్తితే ఎవరి కోసం వెతుకుతుందో ఆమెకి తెలుసు. అతను పొద్దుట్నించీ ఇక్కడ లేడు.

మేనమామ ఎడ్గార్. ఈ ఊరికి మొట్టమొదటి డిగ్రీ. నల్ల గౌనులో ఆయన ఫొటో నకమాల్ లోపల ఈనాటికీ వేలాడుతోంది. వ్యవసాయం ఆఫీసులో కొన్నాళ్ళు చేశాడు, అది పోయింది. బడిలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పాడు, అదీ నిలవలేదు. ఇప్పుడు సాంటో దీవిలో ఒక కావా వ్యాపారి కింద బస్తాలు తూస్తాడు, ఈ సెలవులకి ఊరొచ్చాడు. 'బోటనీయా? ఎప్పుడో మర్చిపోయానమ్మా, ఇప్పుడు మందారానికీ బొప్పాయికీ తేడా అడిగినా నీళ్ళు నములుతాను' అని నవ్వుతాడు. కానీ నోయెలిన్‌ని ఆ చదువుకి పంపింది ఆయనే. మా ఊళ్ళలో పిల్లకి మేనమామ మాటే మాట. అందరూ టీచరు ట్రైనింగ్‌కి పంపమంటే, 'నేను ఎక్కలేకపోయిన మెట్లు ఇది ఎక్కుతుంది' అని పట్టుబట్టాడు. ఈ చెక్క ప్రెస్ కూడా ఆయనదే. తన చేత్తో పట్టీలు కొత్తవి కుట్టించి మరీ ఇచ్చాడు.

కాదు, కాదు. అలా అనుకోవడమే పాపం. ఆమె ఎవరూ చూడకుండా నడిమి ముక్కని మెల్లిగా తిప్పి, మిగతా రెంటి లాగే మొహం పైకి పెట్టేసింది. ఎందుకు తిప్పిందో ఆమెకే తెలీదు. ఎవరైనా చూసి అడుగుతారేమోనని భయం కావచ్చు. అడిగితే మేనమామ పేరు నోట్లోంచి వచ్చేస్తుందని భయం కావచ్చు.

అంతలో ఇంకో మాట, అడక్కుండానే, గుర్తొచ్చింది. సెలవుల మొదట్లో ఇద్దరూ వురేగో కాండం ముందర కూర్చుని ఉన్నారు. కణుపుల దగ్గర మచ్చలు ఎలా చూడాలో ఆమె చెబుతుంటే ఆయన ముచ్చటగా విన్నాడు. చివర్న అడిగాడు, 'కోసి, ఎండబెట్టి, బస్తాల్లో కుక్కేశాక కూడా ఇది వురేగో అని చెప్పగలవా తల్లీ?' 'పొడి కొట్టినా చెబుతాను మావయ్యా, మా ల్యాబ్‌లో దానికి పరీక్ష ఉంది' అంది తను, ఛాతీ ఉబ్బించుకుని. ఆయన ఆ కాండం కణుపుని బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయాడు. తనని చూసి గర్వపడుతున్నాడనుకుంది, పిచ్చి మొహంది.

"అదుగో, ఎడ్గార్ వస్తున్నాడు!"

జనం దారిచ్చారు. ఎడ్గార్ భుజాన, తప్పు కట్టేటప్పుడు ఇచ్చే ఎర్రచాపల చుట్ట. చేతిలో తాడు. తాడు చివర మెలి తిరిగిన కోరల పంది, మామూలు పంది కాదు, ఊరిపెద్దల పెళ్ళిళ్ళలో పెట్టేలాంటిది. మండుటెండలో నడిచొచ్చాడేమో, చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది.

"పెద్దాయనా," అన్నాడు ఎడ్గార్, చాపలు దించి, "పిల్ల తప్పు చేసింది. చదువు మీద పిచ్చితో చేసింది, దొంగబుద్ధితో కాదు. దాని మేనమామని నేను బతికే ఉన్నాను. ఇవిగో చాపలు, ఇదిగో పంది. పుచ్చుకుని పిల్లని ఓడెక్కనివ్వండి."

"మేనమామంటే నువ్వయ్యా!" అన్నాడు హెన్సన్. ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. మావిస్ అత్త కూడా, "మా ఇంటి పరువు నిలబెట్టావు నాయనా," అని ముక్కు చీదింది. ఈవిడేనా ఇందాకట్నించీ ఆ పరువుని మైదానంలో ఆరబెట్టింది!

పెద్దాయన మటుకు కదల్లేదు. "ఎడ్గార్, ఈ ఆకు నాది కాదని తేలింది. పిల్ల తప్పు ఇంకా రుజువు కాలేదు."

ఎడ్గార్ మొహంలో ఏదో వచ్చి పోయింది. అది నోయెలిన్ ఒక్కతే చూసింది.

"ఏ ఆకైతేనేం పెద్దాయనా? ఓడ మన కోసం ఆగదు. నింద పడింది, నేను కడుగుతున్నాను. పంచాయితీ సాగదీస్తే పిల్ల చదువు పోతుంది. అదేనా మనకి కావాల్సింది?"

పెద్దాయన తల పంకించాడు. "సరే. పద్ధతి అందరికీ తెలుసు. పంది తాడు పిల్ల తన చేత్తో తెచ్చి నా చేతికివ్వాలి. ఇచ్చిందంటే మాట అయిపోయినట్టే. ఆ తర్వాత ఈ దీవిలో ఎవరూ దీని గురించి నోరెత్తకూడదు."

ఎవరూ నోరెత్తకూడదు. నిజమే. ఎందుకంటే తాడు ఇచ్చిందంటే ఒప్పుకున్నట్టే. ఇంక దొంగ కోసం ఎవరూ వెతకరు. వురేగో మొక్కలు ఎక్కడ నాటారో ఎవరూ అడగరు. రేపు విలా రేవులో ఉద్యోగానికి పోతే, ఓడలో సరుకుతో పాటే ఈ కబురూ వచ్చి కూర్చుని ఉంటుంది. పైకి దయలా కనబడే ఉరితాడు అది.

ఎడ్గార్ వచ్చి ఆమె పక్కన గొంతుకు కూర్చున్నాడు, చిన్నప్పుడు అలిగితే బుజ్జగించేవాడే, అలాగే. ఒక చేత్తో తాడు ఆమె ఒళ్ళో పెట్టాడు. రెండో చెయ్యి నేల మీదున్న పేపర్ల వైపు పోయింది. గాలికి చెదిరిన ముక్కల్ని సర్దింది. కొస ముక్క సర్దింది. మొదలు ముక్క సర్దింది. నడిమి ముక్క దగ్గరికొచ్చి, దాన్ని తీసి తిరగేసి పెట్టింది.

నోయెలిన్ ఆ వేళ్ళనే చూస్తోంది.

"ఎందుకు తిరగేశావు మావయ్యా?"

"ఏంటి తల్లీ?"

"ఆ ముక్క."

ఎడ్గార్ కిందికి చూశాడు. తన వేళ్ళని తనే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "అలవాటు," అన్నాడు. అన్న మరుక్షణం అతని మొహంలో రక్తం ఇంకిపోయింది.

"అంతా మర్చిపోయానన్నావుగా."

అతను చుట్టూ చూశాడు. జనం దూరంగా ఉన్నారు. మామా కోడళ్ళు వీడ్కోలు మాటలు చెప్పుకుంటున్నారనుకుంటున్నారు. గొంతు బాగా తగ్గించాడు.

"నోయీ, నా మాట విను. తాడు పట్టుకెళ్ళి ఇచ్చెయ్. ఓడ ఎక్కు. డిగ్రీ తెచ్చుకో, ఏ బళ్ళోనో టీచరుగా చేరు, అడవుల ఆఫీసులో చేరు, సువాలోనే ఇంకా పై చదువు చదువుకో. దేనికీ నేను అడ్డం రాను. ఆ రేవు ఉద్యోగం ఒక్కటీ వదిలెయ్."

నోయెలిన్‌కి ఏడుపొచ్చింది. దొంగని పట్టుకున్నానన్న సంతోషం కాదు, కోపం కూడా కాదు. ఇంతసేపూ లోపల ఒక మూల, కాదేమో, నేనే పొరబడ్డానేమో అని పట్టుకు వేలాడుతున్న ఆశ ఒకటి తెగిపోయింది.

"నన్ను ఈ చదువుకి పంపిందే నువ్వు కదా మావయ్యా."

"పంపాను. బోటనీ చదివితే ఏమవుతారో నాకంటే ఎవరికి తెలుసు? ఎవరికీ అక్కర్లేని మనిషవుతారు. నువ్వు నాలాగే తిరిగొస్తావనుకున్నాను. నాకు తోడుంటావనుకున్నాను. నువ్వు నా బస్తాలే విప్పి చూస్తూ నా నెత్తి మీద కూర్చునే ఉద్యోగం తెచ్చుకుంటావని కలగన్నానా?" అతను తాడుని ఆమె చేతిలోకి తోశాడు. "నేను బతకాలా వద్దా? చదువుకుని కూడా బస్తాలు మోసేవాళ్ళ పక్కన బతుకుతున్నాను. నీకేం తెలుసు!"

"ఎలా బతుకుతున్నావో ఇప్పుడే చూశాను."

ఓడ కూత వేసింది. పంది బెదిరి తాడు లాగింది.

"అమ్మాయ్," పిలిచాడు పెద్దాయన, చెయ్యి చాచి.

నోయెలిన్ తాడు పట్టుకుని లేచింది. మోకాళ్ళకి అంటిన మట్టి కూడా దులుపుకోలేదు. పెద్దాయన వైపు అడుగు వేసింది. జనం హమ్మయ్య అనుకున్నారు. ఒక్క అడుగే. ఆగింది. వెనక్కి తిరిగింది. ఇంకా గొంతుకు కూర్చునే ఉన్న మేనమామ దగ్గరికి వచ్చి, ఆయన కుడిచెయ్యి అందుకుని, ఆ వేళ్ళని ఒక్కొక్కటే విప్పి, తాడు అందులో పెట్టి, మళ్ళీ మూసింది.

"తప్పు నాది కాదు తాతయ్యా. కాబట్టి పందీ నాది కాదు. ఎవరిదైతే వాళ్ళే ఇచ్చుకోవాలి."

మావిస్ అత్త, ఆ మావిస్ అత్తే, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

పెద్దాయన చాచిన చెయ్యి దించలేదు. "నువ్వు కోపంలో ఉన్నావు. మేనమామ తెచ్చిన తాడు మేనమామ చేతిలోనే పెట్టడమంటే ఏంటో తెలిసే చేశావా?"

"తెలిసే చేశాను."

"రుజువేంటి?"

"నా పేపర్లలో ఈ ముక్కని తిరగేసి పెట్టింది ఎవరో, ఎందుకు పెట్టారో ఆయన్నే అడగండి. ఆయన ముందర ప్రమాణానికి నమేలె ఆకు పెట్టి అడగండి. ఆయన కాదని ప్రమాణం చేస్తే నేను ఓడ ఎక్కను, డిగ్రీ వద్దు, జన్మంతా మీ తోటలో కలుపు తీస్తాను."

అందరి చూపులూ ఎడ్గార్ వైపు తిరిగాయి. అతను మెల్లిగా లేచాడు. ఏడుస్తాడేమో, కాళ్ళ మీద పడతాడేమో అనుకున్నారు. తాడుని చేతికి గట్టిగా చుట్టుకున్నాడు. ఇంక పోయేదేం లేదనుకున్న మనిషి నిలబడినట్టు నిలబడ్డాడు.

"ప్రమాణం దేనికి పెద్దాయనా? తవ్వింది నేనే."

ఎవరో కెవ్వుమన్నారు. పెద్దాయన కొడుకు కర్ర పట్టుకుని ముందుకు ఉరికాడు. పెద్దాయన అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"కొట్టేవాడు కొట్టొచ్చు," అన్నాడు ఎడ్గార్. "ముందు ఒక్క ముక్క వినండి. కావాకి గింజ ఉండదు. ఒకరు కొమ్మ తుంచి ఇస్తేనే ఇంకొకరి తోటలో మొలుస్తుంది. ప్రతి కావా మొక్కకీ ఇచ్చిన చెయ్యి ఒకటుంటుంది. పెద్దాయనా, మీ తోటలో మొదటి వురేగో కొమ్మ మీకెవరిచ్చారు?"

ఆయన చాచిన చెయ్యి ఇప్పుడు కిందికి దిగింది. అది నోయెలిన్ చూసింది. ఇంతసేపూ మేనమామ మీదున్న అనుమానం ఎక్కడికో కదిలిపోతోంది, ఎక్కడికో ఆమెకి తెలీడం లేదు.

"మీరు చెప్పరు. నేను ఎవరి మొక్క తవ్వుకున్నానో మా అక్క చెబుతుంది," అన్నాడు ఎడ్గార్. "చెప్పు డోర్కస్. నీ కూతురు నన్ను దొంగని చేసింది. ఇప్పుడైనా చెప్పు."

ఆడవాళ్ళ వైపు చివర్న డోర్కస్ లేచి నిలబడింది. పొద్దుట్నించీ వంచిన తల ఎత్తింది. తమ్ముణ్ణి చూడలేదు. కూతుర్ని చూడలేదు. నేరుగా పెద్దాయన మొహంలోకి చూసింది. ఆ ముసలాయన, ఊరంతా ఎవరికి భయపడుతుందో ఆ ముసలాయన, తల పక్కకి తిప్పుకున్నాడు.

"అమ్మా?" అంది నోయెలిన్.

ఓడ రెండోసారి కూత వేసింది. డోర్కస్ ఆ కూత ఆగేదాకా ఆగింది.

"ఓడని వెళ్ళిపొమ్మని చెప్పండి," అంది. "నేను చెప్పేది విన్నాక నా కూతుర్ని ఎక్కించుకోమని ఎవరూ అడగరు. అది కూడా అడగదు."